దక్కను కాలజ్ఞానాలు – 5వ భాగం: పన్నెండు కోణాల కిరీటం

గత భాగంలో కల్యాణం కూలిపోవడం చూశాం. హరళయ్య, మధువయ్యల ఇళ్ల మధ్య కులం గడప దాటి జరిగిన పెళ్లి, దానికి రాజు బిజ్జలుడు వేసిన ఘోరమైన శిక్ష, 1167 ప్రాంతంలో అతడి హత్య, బసవన్న అనుచరులైన శరణులు చెట్టుకొకరు పుట్టకొకరుగా చెదిరిపోవడం, చెన్నబసవన్న ఉళవి అడవుల దారి పట్టడం, ఇవన్నీ చెప్పుకున్నాం. చెదిరిన ఆ జనం ఒక ఆశను మాత్రం వదల్లేదు. కల్యాణం మళ్లీ లేస్తుంది, రక్షకుడు వసంతరాయుడు వస్తాడు, శరణులు తిరిగొస్తారు అని నమ్మారు. ఆ నమ్మకమే తర్వాతి శతాబ్దాల్లో బసవన్న పేరు మీద, చెన్నబసవన్న పేరు మీద, అల్లమప్రభువు పేరు మీద కన్నడ కాలజ్ఞానంగా తాటాకులకెక్కింది.

ఈ భాగంలో కూడా కథకు నడిబొడ్డు ఆ సీమే. ఆ కల్యాణం, అంటే బసవకల్యాణం, ఇవాళ బీదరు జిల్లాలోనే ఉంది. కాలం మాత్రం రెండున్నర శతాబ్దాలు ముందుకు జరుగుతుంది. ఎర్ర మొరపరాతి గుట్ట మీద బహమనీ సుల్తాన్లు బీదరు కోట కట్టిన రోజులకు వెళదాం. రాబోయేవాడి కోసం ఎదురుచూపు ఇక్కడ రాజుగారి నిద్రలోకే వచ్చింది.

నక్షత్రాలు చూసిన అన్న, ఫకీరును నమ్మిన తమ్ముడు

15వ శతాబ్దం మొదట్లో బహమనీ రాజధాని గుల్బర్గా. సింహాసనం మీద ఫిరోజ్ షా ఉన్నాడు. చదువంటే ప్రాణం పెట్టే సుల్తాను. గ్రహాల నడక లెక్కగట్టడానికి దౌలతాబాదు కొండల్లో వేధశాల కట్టించడం మొదలుపెట్టాడు. ఆ పని చూస్తున్న హకీం హసన్ గీలానీ చనిపోవడంతో అది మొండిగోడల దగ్గరే ఆగిపోయింది.

అదే కాలంలో తైమూరు దండు తాకిడికి ఢిల్లీ విడిచిన ఒక ముసలి సూఫీ గుల్బర్గా చేరాడు. ఆయనే ఖ్వాజా బందానవాజ్ గేసూదరాజ్. ఫిరోజ్ మొదట ఆదరించాడు. తర్వాత, ఆయన శాస్త్రపాండిత్యం తనకు తగినంత లేదనుకొని దూరం పెట్టాడు. సుల్తాను తమ్ముడు అహ్మద్ మాత్రం ఆ ఫకీరు పాదాల దగ్గర కూర్చునేవాడు. ఫిరోజ్ తన కొడుకు హసన్ ఖాన్‌ను వారసుడిగా దీవించమని కబురు పంపితే, కిరీటం అహ్మద్‌కు రాసిపెట్టి ఉందని ఖ్వాజా జవాబు పంపాడు. సుల్తానుకు కోపం వచ్చింది. కోట దగ్గర జనం గోల ఎక్కువగా ఉందన్న సాకు చెప్పి, ఆయన్ను ఊరి బయటికి వెళ్లమన్నాడు. ఇవాళ లక్షలమంది మొక్కుకునే గుల్బర్గా దర్గా ఆయన అలా వెళ్లి ఉన్న చోటే వెలిసింది.

ముందు ఏం జరగబోతోందో తెలుసుకోవాలన్న తహతహ ఇద్దరన్నదమ్ములకూ ఉంది. అన్న ఆకాశంలో వెతికాడు, తమ్ముడు ఫకీరు మాటలో వెతికాడు. ఏ దారి నిజమో తేల్చింది మాత్రం మన తెలుగు నేల మీది యుద్ధం. పానగల్లు కోటను ఫిరోజ్ ఏళ్ల తరబడి ముట్టడించాడు. శిబిరంలో రోగాలు పుట్టి మనుషులూ గుర్రాలూ రాలిపోయారు. 1420 నాటికి విజయనగర సేన చేతిలో చావుదెబ్బ తిని వెనుదిరిగాడు. ఓడిన రాజు మాటకు విలువ పడిపోయింది, అవమానపడిన ఫకీరు మాటకు బలం వచ్చింది. జోస్యం ఫలించాలంటే దానికి అనువైన కాలం కలిసిరావాలి. పానగల్లు ఓటమి ఆ కాలాన్ని తెచ్చిపెట్టింది.

కల

తమ్ముణ్ని బతకనిస్తే కొడుక్కు రాజ్యం దక్కదని ఫిరోజ్ చుట్టూ ఉన్నవాళ్లు నూరిపోశారు. కళ్లు పీకించబోతున్నారని తెలిసి అహ్మద్ రాత్రికి రాత్రి గుల్బర్గా దాటాడు. వెంట కొద్దిమందే ఉన్నారు. వాళ్లలో ఖలఫ్ హసన్ అనే బస్రా వర్తకుడు ఒకడు. వెనక రాజసేన తరుముతోంది.

ఆ రోజుల్లో అహ్మద్‌కు వచ్చిన కలను, దాదాపు రెండు శతాబ్దాల తర్వాత బిజాపూరులో కూర్చుని చరిత్ర రాసిన ఫెరిష్తా మనకు చెప్పాడు. దర్వేషు వేషంలో ఒక మనిషి చేతిలో పన్నెండు కోణాల ఆకుపచ్చ కిరీటం పట్టుకుని ఎదురొచ్చాడట. దూరదేశంలోని ఒక మహాత్ముడు దీన్ని పంపాడని చెప్పి అహ్మద్ తలమీద పెట్టాడట.

తెల్లవారాక పోరు జరిగింది. ఖలఫ్ హసన్ ఒక ఎత్తు వేశాడు. ఆ దారిన పోతున్న వంజారుల ఎద్దుల్ని పోగుచేసి, వాటి మీద మనుషుల్ని ఎక్కించి, జెండాలు పట్టించి దూరాన నిలబెట్టాడు. రాజసేన దాన్ని కొత్త దండు అనుకుని బెదిరింది. 1422 సెప్టెంబరులో అహ్మద్ షా గద్దెనెక్కాడు. ఖలఫ్ హసన్ మలిక్-ఉత్-తుజ్జార్, అంటే వర్తకులకు రాజు అయ్యాడు. గెలుపు ఎద్దుల జెండాల వల్ల వచ్చిందనుకున్నవాళ్లున్నారు, కల వల్ల వచ్చిందనుకున్నవాళ్లున్నారు. అహ్మద్ షా జీవితాంతం కలనే నమ్మాడు.

వాన కురిపించిన సుల్తాను

కొత్త సుల్తాను ఎక్కగానే వానలు ముఖం చాటేశాయి. చెరువులు ఎండాయి, పశువులు చచ్చాయి. ఊరి అరిష్టానికి రాజే కారణమని జనం గుసగుసలాడుకోవడం అప్పట్లో ఏ రాజ్యంలోనైనా ఉన్నదే. అహ్మద్ షా ఒంటరిగా గుట్ట ఎక్కి, నేలకు నుదురు ఆనించి ప్రార్థించాడనీ, మబ్బు కమ్మి వాన కురిసిందనీ, తడుస్తూనే జనం అతణ్ని ‘వలీ’ అని పిలిచారనీ కథ. వలీ అంటే దేవుడికి దగ్గరివాడు.

ఈ పేరుకు మరో ముఖం కూడా ఉంది, దాన్ని దాచకూడదు. ఇదే అహ్మద్ షా విజయనగరం మీదికి దండెత్తి ఊళ్లకు ఊళ్లను నరికించాడు. 1424–25లో వరంగల్లు మీద పడి అక్కడి పాలకుణ్ని చంపించి, కాకతీయుల నాటి ఆ నగరాన్ని బహమనీ రాజ్యంలో కలిపేశాడు. గుల్బర్గా రైతుకు వానదేవుడిలా కనబడిన మనిషే ఓరుగల్లు ఇల్లాలికి యముడై కనబడ్డాడు. ఎవరి ప్రళయం ఎప్పుడొచ్చిందన్నది వాళ్లు కోటగోడకు ఏ పక్కన ఉన్నారన్నదాన్ని బట్టి ఉంటుంది.

ఆ తర్వాతే రాజధాని గుల్బర్గా నుంచి బీదరుకు మారింది. 1432 నాటికి కొత్త కోట నిలిచింది. బీదరు ఎత్తు మీద ఉంది, గాలి చల్లన, రాజ్యానికి నడిబొడ్డు. పారశీక పద్ధతిలో నేల కింద సొరంగాలు తవ్వి, అక్కడక్కడా బావిలా గుంతలు దించి, ఊట నీటిని ఊళ్లోకి నడిపించిన కరేజులు ఇవాళ్టికీ అక్కడ ఉన్నాయి. మనసులోని కారణం మరొకటి ఉండి ఉండవచ్చు. గుల్బర్గా నిండా అన్న నీడ, పాత సర్దార్ల పగలు ఉన్నాయి. ఖ్వాజా గేసూదరాజ్ 1422లోనే కన్నుమూశాడు. గద్దె ఇప్పించిన గురువు లేని ఊళ్లో కొత్త రాజుకు కొత్త గురువు కావాలి.

మాహాన్ మహాత్ముడు

ఆ గురువు కిర్మాన్ దగ్గర మాహాన్ అనే పల్లెలో ఉన్నాడు. పేరు షా నిమతుల్లా వలీ. అప్పటికే తొంభై దాటిన వృద్ధుడు. అలెప్పోలో పుట్టి, దేశాలు తిరిగి, తైమూరు పెత్తనంలో సమర్ఖండు సీమ విడిచిపెట్టాల్సివచ్చి, చివరికి ఎడారి అంచున తోట వేసుకుని స్థిరపడ్డాడు.

ఆనాటి ఇరాను పరిస్థితి తెలిస్తేనే ఆయన పేరుకున్న పట్టు అర్థమవుతుంది. తైమూరు నరికిన తలల గోపురాలు చూసిన తరం అది. లోకం ఇక ఎక్కువ రోజులుండదనీ, న్యాయం నిలబెట్టే మహ్దీ రేపో మాపో వస్తాడనీ ఊరూరా చెప్పుకునేవారు. అక్షరాల్లో సృష్టి రహస్యం దాగి ఉందని చెప్పిన హురూఫీల గురువు ఫజ్లుల్లాను 1394లో చంపేశారు. 1423 ప్రాంతంలో ముహమ్మద్ నూర్‌బఖ్ష్ అనే యువకుడు తానే మహ్దీనన్నాడు. 1427లో హెరాత్ మసీదులో తైమూరు కొడుకు షారుఖ్‌ను ఒక హురూఫీ పొడిచాడు. మన కటపయాది సంఖ్యలాగే అరబ్బీ అక్షరానికీ ఒక అంకె ఉంటుంది. ఆ లెక్కతో ఏ పేరులో ఏ సంవత్సరం దాగుందో పండితులు వెతుకుతూ కూర్చునేవారు. అలాంటి గాలిలో, రాబోయే కల్లోలాలనూ ఆ తర్వాత వచ్చే రక్షకుణ్నీ చెప్పే ఒక పద్యం నిమతుల్లా పేరు మీద వ్యాపించింది.

అహ్మద్ షా బీదరు నుంచి కానుకలతో దూతల్ని పంపాడు. మహాత్ముడు తన శిష్యుడు ముల్లా కుతుబుద్దీన్ చేత ఒక పెట్టె పంపించాడు. ఆ శిష్యుడు దర్బారులోకి అడుగుపెట్టగానే సుల్తాను అదిరిపడ్డాడట. కలలో కనిపించిన దర్వేషు ఇతనేనన్నాడట. పెట్టెలో ఉన్నది పన్నెండు కోణాల ఆకుపచ్చ కిరీటం. వెంట వచ్చిన లేఖలో అహ్మద్ షాను ‘వలీ’ అని సంబోధించాడని ఫెరిష్తా అంటాడు. వాన తెచ్చిన బిరుదుకు ఇరాను ముద్ర పడింది.

కొడుకుల్లో ఒకరిని పంపమని సుల్తాను మళ్లీ అడిగాడు. ఒక్కగానొక్క కొడుకు ఖలీలుల్లాను వదలలేక నిమతుల్లా మనుమడు నూరుల్లాను పంపాడు. అహ్మద్ షా ఊరి బయటికి ఎదురెళ్లి తీసుకొచ్చాడు. ఎదురైన చోట నిమతాబాదు అనే పేట వెలిసింది. నూరుల్లాకు సూఫీ పెద్దలందరి మీద పెద్దరికం ఇచ్చి, తన కూతురినిచ్చి పెళ్లి చేశాడు. 1431లో నిమతుల్లా పోయాక ఖలీలుల్లా కూడా బీదరు వచ్చేశాడు. మాహాన్‌లో ఇవాళ యాత్రికులు చూసే సమాధి గోపురం 1436లో పూర్తయింది. దాన్ని కట్టించింది బీదరు సొమ్ము.

అసూయ పెరిగిన వీధులు

గుల్బర్గాలో ఖ్వాజా వంశం ఉండగా, నిన్నగాక మొన్న ఓడ దిగిన వంశానికి దర్బారులో పైపీట ఎందుకు? ఈ ప్రశ్న ఫకీర్ల దగ్గరే ఆగలేదు. ఇరాను, ఇరాకు, మధ్యాసియాల నుంచి వచ్చిన ఆఫాకీలు ఒక పక్క, తరాలుగా ఇక్కడే ఉన్న దక్కనీలు, వాళ్లతో కలిసిన ఆఫ్రికా మూలాల హబ్షీలు మరో పక్క నిలిచారు. వేషంలో తేడా, భాషలో తేడా, చాలామందికి షియా–సున్నీ తేడా, అన్నింటికీ మించి కొలువులో వాటా తేడా. అహ్మద్ షా 1436లో పోయాక ఆ కుంపటి రాజుకుంది. 1447 ప్రాంతంలో చాకన్ కోట దగ్గర ఆఫాకీ సైనికుల్ని మోసం చేసి ఊచకోత కోశారు. నిమతుల్లా వంశం కూడా రాజకీయంలో కూరుకుపోయింది. ఖలీలుల్లా కొడుకు హబీబుల్లా బహమనీ సుల్తాను హుమాయూన్ షా మీద జరిగిన తిరుగుబాటులో చేరి 1460 ప్రాంతంలో చంపబడ్డాడు.

సామాన్యుల బతుకు ఎలా ఉండేది? రష్యాలోని త్వేర్ నుంచి వచ్చిన అఫనాసీ నికితిన్ అనే వర్తకుడు 1469 నుంచి కొన్నేళ్లు ఈ సీమలో తిరిగాడు. అమీర్లు వెండి పల్లకీల్లో, గుర్రాల బారుల మధ్య ఊరేగుతున్నారనీ, పల్లెజనం మాత్రం నిరుపేదలనీ రాసుకున్నాడు. ఆళందలో షేక్ అలావుద్దీన్ పేరున జరిగే జాతర చూశాడు. అక్కడి జనం చెప్పిన ఒక పిట్ట గురించి కూడా రాశాడు. రాత్రిళ్లు ‘కుక్ కుక్’ అని అరుస్తూ తిరుగుతుందట, ఏ ఇంటి కప్పు మీద వాలితే ఆ ఇంట చావు తప్పదట, చంపబోతే ముక్కులోంచి నిప్పు కక్కుతుందట. మన పల్లెల్లో గుడ్లగూబ కూతకు గుండె జారే పెద్దవాళ్లు ఈ మాట వింటే వెంటనే ఒప్పుకుంటారు. కోట లోపల అక్షరాల గుట్టు, కోట బయట పిట్ట కూత. చదువు తేడా, భయం ఒక్కటే.

భయానికి కారణాలు లేకపోలేదు. 1473 ప్రాంతంలో రెండేళ్ల పాటు వాన చుక్క లేదు. తెలంగాణ, మరాఠ్వాడ ఊళ్లు పాడుబడ్డాయి. సరిగ్గా దానికి ముందే, 1472లో, మహమూద్ గవాన్ బీదరులో పెద్ద మదర్సా కట్టించాడు. ఆఫాకీ అయినా రెండు వర్గాలనూ సమంగా తూచిన మంత్రి ఆయన. ఆయన ముద్ర కాపలాదారును మత్తులో ముంచి, ఖాళీ కాగితం మీద ముద్ర వేయించి, దాని మీద రాజద్రోహపు ఉత్తరం రాసి, ప్రత్యర్థులు సుల్తాను చేతికిచ్చారు. 1481 ఏప్రిల్ 5న, కొండపల్లి దండులో, డెబ్బై దాటిన ఆ ముసలాయన తల తెగింది. ఏడాది తిరక్కుండానే సుల్తాను మూడో ముహమ్మద్ షా కూడా చనిపోయాడు. గవాన్ తనను చీల్చేస్తున్నాడని అరుస్తూ పోయాడని చెప్పుకున్నారు. ఆ తర్వాత గద్దె మీద మిగిలింది బాల సుల్తాను, చివరికి అధికారం చేజిక్కించుకున్నది మంత్రి కాసిం బరీద్.

బీదరు దారిన వెళ్లిన సయ్యద్

హిజ్రీ 900వ సంవత్సరం దగ్గరపడుతోంది. ప్రతి శతాబ్దం మొదట మతాన్ని సరిదిద్దే ఒకడు వస్తాడన్న నమ్మకం ముస్లిం లోకంలో ఉంది. వెయ్యో ఏడు దాటి లోకం నిలవదన్న మాటా ఉంది. సరిగ్గా ఆ రోజుల్లో, జౌన్‌పూర్ నుంచి ఇల్లువాకిలి వదిలి బయల్దేరిన సయ్యద్ ముహమ్మద్ దక్కనుకు వచ్చాడు. దౌలతాబాదు, అహ్మద్‌నగర్, బీదరు, గుల్బర్గా మీదుగా దాభోలు రేవుకు చేరి మక్కా ఓడ ఎక్కాడు. బీదరులో కాసిం బరీద్ ఆయన్ను గౌరవించాడనీ, ఊరి పండితుల్లో కొందరు కొలువులు వదిలి వెంట నడిచారనీ ఆయన అనుచరుల మహ్దవీ సంప్రదాయం చెబుతుంది.

1495–96లో మక్కాలో ఆయన తానే మహ్దీనని ప్రకటించాడు. 1505లో అఫ్గాన్ సీమలోని ఫరాహ్‌లో తనువు చాలించాడు. ఆయన అనుచరుల బతుకు తీరు చూస్తే, బీదరు పండితుల్ని ఏది కదిలించిందో తెలుస్తుంది. ఊరి అంచున దాయిరా అనే గుంపుగా ఉండేవారు. ఆస్తి కూడబెట్టరు. వచ్చిన తిండీ బట్టా ఎక్కువ తక్కువ లేకుండా సమంగా పంచుకుంటారు. వేళకు దైవస్మరణ. వెండి పల్లకీల రాజధానిలో, గవాన్ లాంటివాడి తల నిలవని దర్బారులో బతికిన మనిషికి ఆ పంపకమే రాబోయే న్యాయరాజ్యంలా కనబడి ఉంటుంది. లోకం ఎప్పుడు ముగుస్తుందని లెక్కలు వేస్తున్నవాళ్ల మధ్య, రాబోయే లోకాన్ని ఇవాళే బతికి చూపించారు వాళ్లు. హైదరాబాదు చంచల్‌గూడలో మహ్దవీ కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. వక్త బహాదుర్ యార్ జంగ్ ఆ సమాజంలో పుట్టినవాడే.

మారిపోయిన రెండు అక్షరాలు

నిమతుల్లా పేరున నడిచిన పద్యం ఆగలేదు. 1857 తిరుగుబాటు అణిగాక ఉత్తర భారతంలో అది చేతులు మారింది. ఆంగ్లేయుల పాలన అంతమవుతుందని అందులో ఉందన్నారు. 1871లో హంటర్ అనే తెల్ల అధికారి భారత ముస్లింల మీద రాసిన పుస్తకంలో దాన్ని ప్రస్తావించాడు. 1892లో ఖాదియాన్‌కు చెందిన మీర్జా గులాం అహ్మద్ అదే పద్యం తన రాకనే సూచిస్తోందన్నాడు. ఇరానులో బాబీలు తమ గురువు వెలుగులోకి వచ్చిన హిజ్రీ 1260, అంటే 1844, అందులో ఉందన్నారు.

1888లో కేంబ్రిడ్జి పండితుడు ఎడ్వర్డ్ బ్రౌన్ కిర్మాన్ వెళ్లినప్పుడు మాహాన్ సమాధి దగ్గరి ప్రతి నుంచి నకలు సంపాదించాడు. బాబీలు ఘైన్, రే, సీన్ అని చదివిన చోట, అంటే 1000, 200, 60 కలిపి 1260 ఉన్న చోట, ఆ ప్రతిలో అయిన్, రే, దాల్ ఉన్నాయి. 70, 200, 4 కలిపితే 274. కావాలని మోసం చేశారనడం న్యాయం కాదు. తమ కష్టానికి ఒక అర్థం ఉందని, ఎవరో ముందే దాన్ని చూశారని నమ్మాలన్న దాహం అక్షరాలను కూడా కరిగించగలదు. ఇవాళ మన ఫోన్లలో ‘బ్రహ్మంగారు ఆనాడే చెప్పారు’ అంటూ వచ్చే సందేశాల్లో ఎన్ని మాటలు నిజంగా పాత ప్రతుల్లో ఉన్నాయో వెతకడం మానేశాం. పద్యాన్ని గౌరవించేవాళ్లే ప్రతిని ముందు చూడాలి. నమ్మకం ఉన్నవాళ్ల మీదే ఆ బాధ్యత ఎక్కువ.

అష్టూరులో ఇద్దరు దేవుళ్లు, ఒకే సమాధి

బీదరుకు తూర్పున అష్టూరులో బహమనీల సమాధులున్నాయి. దారిలో ఖలీలుల్లా నిద్రిస్తున్న చౌఖండి, ఎనిమిది పలకల ఎత్తైన గోడలతో నిలబడి ఉంటుంది. అహ్మద్ షా సమాధి లోపల గోడల మీద, కప్పు మీద సింధూరం, నీలం, బంగారు వన్నెల్లో రాతలున్నాయి. వాటిలో నిమతుల్లా గురుపరంపర కూడా ఉంది.

అక్కడి ఉరుసు హిజ్రీ తిథుల్లో రాదు, హోళీ తర్వాత హిందూ పంచాంగం ప్రకారం వస్తుంది. కలబురగి (గుల్బర్గా) జిల్లా మాడ్యాళ నుంచి జంగమయ్య తన వాళ్లతో కాలినడకన వచ్చి ఆ ఉత్సవానికి పెద్దగా నిలుస్తాడు. లింగాయతులకు అక్కడున్నది అల్లమప్రభువు. ముస్లింలకు వలీ. కల్యాణం చెదిరిన నాడు ‘తిరిగొస్తాం’ అని చెప్పుకున్న శరణుల జ్ఞాపకమూ, మాహాన్ నుంచి వచ్చిన పన్నెండు కోణాల కిరీటమూ ఒక గోపురం కింద చేరాయి. రక్షకుడు ఫలానా ఏడు వస్తాడని చెప్పినవాళ్ల లెక్కలన్నీ తప్పాయి. లెక్క వేయకుండా ఆ గడపకు నడిచి వచ్చిన రెండు మతాల రైతులు మాత్రం ఆరు శతాబ్దాలుగా వస్తూనే ఉన్నారు. బీదరు మనకిచ్చిన అసలైన కాలజ్ఞానం ఇదేనని నా గట్టి నమ్మకం.

వెయ్యో హిజ్రీ సంవత్సరం గడియ మాత్రం ఇంకా రావాల్సి ఉంది. అది 1591లో వచ్చింది. అహ్మద్‌నగరులో జమాల్ ఖాన్ అనే మహ్దవీ సర్దారు తన విశ్వాసాన్నే అప్పటికే రాజ్యమతం చేశాడు, 1591లోనే రోహన్‌ఖేడ్ యుద్ధంలో అంతా తారుమారైంది. సరిగ్గా ఆ వెయ్యో ఏటనే గోల్కొండలో ముహమ్మద్ కులీ కుతుబ్ షా కొత్త నగరానికి పునాది వేసి, నడిమధ్యన చార్మినార్ ఎత్తాడు. లోకం ముగుస్తుందనుకున్న ఏడాదిలో ఒక రాజు నగరం ఎందుకు మొదలుపెట్టాడు? కన్నడ వసంతరాయుడు కృష్ణ దాటి కందిమల్లాయపల్లెలో వీరభోగ వసంతరాయలు ఎలా అయ్యాడు? ఈ రెండు ప్రశ్నలతో వచ్చే భాగంలో హైదరాబాదు నుంచి బనగానపల్లె దాకా ప్రయాణం చేద్దాం.